చిన్న యగ్నిపర్వతముల విలువ

అగ్నిపర్వతమనఁగనే మనము మిన్నంటు శిఖరమును తలంతుము. వారసత్వపు విలువకు ఎత్తు ప్రమాణము గాదు. ఫ్రాన్సులో షెన్ దె ప్వీ వరుసయందలి సుమారు 80 చిన్న యగ్నిపర్వతములు 2018లో ప్రపంచ వారసత్వపు పట్టిక కెక్కినవి. న్యూజీలాండులోని ఆక్లండు నగరమున 50కి పైఁబడి యున్నవి. పెక్కింటిని కంకరకై త్రవ్వి రూపుమాపిరి. 14 కొండలను 2014 నాటి శాసనము మావోరీ తెగలకు మరల నొసఁగినది.

పోల్చి చూడఁగా, చక్కని వరుసయు, చెదరని రూపమును ఫ్రాన్సువాని సొత్తు. మావోరీలు కోటలుగా మలచిన మెట్లును, జనస్మృతియు ఆక్లండువాని సొత్తు. ఒకదాని కొలతతో వేఱొకదానిని తూఁచుట న్యాయము గాదు. కంకర ధనము ఒక తరమునకే. కొండ చెప్పు పాఠము తరతరములకు. త్రవ్విన కొండను ఏ ప్రభుత్వమును మరల పోయఁజాలదు. కావున విలువ కట్టుట గునపము దిగకమునుపే జరుగవలెను.