భాషకు సహజ మరణమా?

"అన్నం పెట్టని భాషను ఎంత పట్టుకు వేళ్లాడినా నిలవదు. కాలం మారింది, పోయేది పోతుంది." చదువుకున్నవాళ్ల నోట ఈ మాట వేదవాక్యంలా వినిపిస్తోంది. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల చరిత్ర దీన్ని అడుగడుగునా తోసిపుచ్చుతుంది.

1840లో బ్రిటిష్ రాజ్యంతో కుదిరిన వైతంగి ఒప్పందం మీద సుమారు 540 మంది మావోరీ నాయకులు సంతకాలు చేశారు. వారిలో అత్యధికులు సంతకం పెట్టింది మావోరీ ప్రతి మీదే. మిషనరీ బడులు ఆ భాషలోనే చదువు చెప్పాయి, అందులో పత్రికలూ నడిచాయి. అలాంటి భాషను 1867 నాటి నేటివ్ స్కూల్స్ చట్టం బడి నుంచి వెళ్లగొట్టి ఇంగ్లీషును కూర్చోబెట్టింది. మావోరీలో మాట్లాడినందుకు పిల్లలు బెత్తం దెబ్బలు తిన్నారు. ఆ దెబ్బల గుర్తు చెరగని తరం తన బిడ్డలకు ఆ భాష నేర్పడానికి జంకింది. దీన్ని సహజ మరణమనడం, గొంతు నులిమి గుండెపోటని సర్టిఫికెట్ రాసివ్వడమే.

"ఇంగ్లీషు అడిగింది తల్లిదండ్రులే కదా" అంటారు. అడిగినవారు ఉన్నారు. ఇంగ్లీషు నేర్పమన్నారు గానీ, పిల్లల నోటి నుంచి మావోరీని లాగేయమనలేదు. పోనీ, ఇంగ్లీషు చదువుతో తలుపులన్నీ తెరుచుకున్నాయా? మావోరీ పట్టభద్రులను తీర్చిదిద్దిన తె ఔతె కాలేజీలో వ్యవసాయానికీ చేతిపనులకూ పెద్దపీట వేయాలని 1906లో రాయల్ కమిషన్ సిఫారసు చేసింది. భాష పోగొట్టుకున్నవాడికి దొరల కొలువు చూపలేదు, పొలం పని చూపారు.

భాష తిరిగి లేచిన తీరు కూడా ఈ "సహజ మరణం" వాదాన్ని నిలవనీయదు. మావోరీని బడుల్లో నేర్పాలంటూ 1972లో 30 వేలకు పైగా సంతకాలతో పార్లమెంటుకు అర్జీ వెళ్లింది. 1982లో వైనుయిఒమాతలో తొలి కోహంగ రెయో మొదలైంది. అవ్వలూ తాతలూ పసివాళ్లతో పూర్తిగా మావోరీలోనే మాట్లాడే బాలబడి అది. ఆ పిల్లలు బడి ఈడుకు వచ్చేసరికి, 1985లో, మావోరీలే వాళ్ల కోసం మావోరీ మాధ్యమ పాఠశాల పెట్టుకున్నారు. అధికార భాష హోదా ఆ తర్వాత, 1987లో వచ్చింది. ప్రజలు ముందు నడిస్తే ప్రభుత్వం వెనక వచ్చింది.

2023 జనగణనలో 2 లక్షల 13 వేలకు పైగా జనం మావోరీలో మాట్లాడగలమన్నారు. దేశ జనాభాలో అది ఐదు శాతం కూడా కాదు. ఒక చట్టం చేసిన గాయం నూట యాభై ఏళ్లు దాటినా మానలేదన్నమాట. ఇకమీదట ఎవరైనా ఏ భాష గురించైనా "దానంతటదే పోయింది" అంటే, అక్కడి బడులు ఏ భాషలో నడిచాయో, ఎవరి ఉత్తర్వుతో నడిచాయో ముందు అడగండి.