తలుపుకు తాళం - వడ్రంగికి మిషన్

బనగానపల్లె అనగానే అందరికీ మామిడిపండు గుర్తుకొస్తుంది, ఆ తర్వాత నాపరాయి. వడ్రంగులు ఎవరికీ గుర్తుకు రారు. మా హాస్టల్లో వడ్రంగుల పిల్లలం కొందరం ఉన్నాము కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఇప్పుడు కొత్త ఇళ్లవాళ్లు గొళ్లెం, తాళంకప్ప వద్దని తలుపు మందంలోనే ఇమిడిపోయే మోర్టిస్ లాక్ అడుగుతున్నారు. తలుపు మందం 35 మిల్లీమీటర్లు అనుకుంటే, 15 మిల్లీమీటర్ల తాళం పెట్టెకు గాడి తొలిచాక ఇటు 10, అటు 10 మాత్రమే మిగులుతుంది. ఉలి కాస్త జారిందా, చెక్క పగిలినట్టే. పోయిన ఎండాకాలం సెలవుల్లో మాలో ఒకరి చేతిలో అలాగే పగిలింది. ఆ తలుపు ఖరీదు వాళ్ల నాన్న కూలిలో పోయింది.

ఈ పనికే లాక్ మోర్టైజర్ అనే మిషన్ ఉంది. దాన్ని తలుపు అంచుకు బిగిస్తే కట్టర్ సరిగ్గా మందం నడుమ నిలిచి, పైకీ కిందికీ తిరుగుతూ కొంచెం కొంచెంగా లోతుకు దిగుతుంది. మిషన్ వస్తే చేతిపని పోతుందని మా పెద్దల భయం. మరి నాపరాయిని మిషన్ మీద కోయడం లేదా? లోతు కొలత తప్పు పెడితే మిషనూ తలుపును పాడు చేస్తుంది. ఆ కొలత పెట్టేది మా నాన్నలే కదా!

2023లో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో వడ్రంగులకు పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా ఇస్తారు, 5 శాతం వడ్డీకి అప్పు కూడా ఉంది. ఏడాదికి కొద్ది తాళాలు బిగించేవాడికి సొంత మిషన్ దండగ. నలుగురైదుగురు కలిసి ఒకటి కొని వంతులవారీగా వాడుకోవాలని మా అభిప్రాయం. ఉలి మాత్రం పక్కనే ఉండాలి, కట్టర్ వదిలిన గుండ్రటి మూలలను చదరం చేయడానికి.