తక్కువ మిత్తియే మేలైన ఋణమా?

గ్రామపంచాయతీగా నుండి 2018లో పురపాలక సంఘమైన తిరుమలగిరిలో నేడు ఇల్లు కట్టదలచిన గృహస్థుని నోట మొట్టమొదట వెలువడు ప్రశ్న యొక్కటే: ఏ బ్యాంకు తక్కువ మిత్తికి ఇచ్చుచున్నది? బంధువులు దానినే యడుగుదురు. ఏజెంట్లు దానినే చాటుదురు. ఎనిమిదిన్నర శాతమున కిచ్చువాడు ధర్మాత్ముడనియు, తొమ్మిది కోరువాడు దోపిడికాడనియు తీర్పు జరిగిపోవును. ఈ తీర్పు అసమంజసమని నా దృఢవిశ్వాసము. గృహఋణమున లాభనష్టములను ప్రధానముగా నిర్ణయించునది మిత్తిశాతము కాదు, ఆ మిత్తిని మోయవలసిన కాలము.

ఈ భ్రమ అకారణముగా పుట్టినది కాదు. ఈ పట్టణమున్న నల్లగొండ సీమలో అప్పనగా నూటికి నెలకు రెండో మూడో రూపాయల మిత్తి. షావుకార్ల ఋణపత్రములను తెలంగాణ సాయుధపోరాట కాలమున రైతులు తగులబెట్టిరన్న, ఆ భారమెంతటిదో యూహింపవచ్చును. కాని ఆ యప్పు విత్తునాడు తెచ్చి, పంట యింటికి వచ్చినపుడు తీర్చునది. అట్టి స్వల్పకాలిక ఋణమున మిత్తిరేటే సర్వస్వము. ఆరుమాసముల యప్పునకు చాలిన ఆ కొలబద్దతోనే ఇరువదేండ్ల యప్పును కొలుచుటయందే ప్రమాద మున్నది.

లెక్క చూడుడు. ఇరువది లక్షల రూపాయలను ఎనిమిదిన్నర శాతమునకు ఇరువదేండ్ల గడువుతో తెచ్చినవాడు నెలకు 17,356 రూపాయల చొప్పున మొత్తము 41 లక్షల 65 వేలు చెల్లించును. అదే సొమ్మును తొమ్మిది శాతమునకు పదునైదేండ్ల గడువుతో తెచ్చినవాని వాయిదా 20,285 రూపాయలు. మొత్తము 36 లక్షల 51 వేలు. అధిక మిత్తికి తెచ్చి మోసపోయెనని లోకము జాలిపడిన ఆ రెండవవాడే అయిదు లక్షలకు పైగా మిగుల్చుకొని, అయిదేండ్లు ముందుగా ఋణవిముక్తుడగుచున్నాడు!

మరియొక సంగతి. తక్కువగా దొరకిన రేటు తక్కువగానే నిలుచునన్న నియమము లేదు. 2019 అక్టోబరు నుండి బ్యాంకు లిచ్చు క్రొత్త చలవడ్డీ (ఫ్లోటింగు రేటు) గృహఋణములు రెపో రేటు, అనగా రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చు మిత్తి, వంటి బాహ్యప్రమాణములతో ముడిపడి యున్నవి. 2022 మే నుండి 2023 ఫిబ్రవరి లోపల రిజర్వు బ్యాంకు రెపో రేటును నాలుగు శాతమునుండి ఆరున్నరకు పెంచెను. అంతకు ముందు ఏడు శాతమునకు ఇరువది లక్షలు ఇరువదేండ్ల గడువుతో తెచ్చి సంబరపడినవాని వాయిదా 15,506 రూపాయలు. రేటు తొమ్మిదిన్నరకు చేరినపుడు ఆ యసలుపై నెలమిత్తియే 15,833 రూపాయలు. వాయిదా మారకున్నచో అసలు తరుగుట మాట యటుండ, మిత్తియే తీరదు. అట్టి వేళ వాయిదా కదలకుండ గడువు మాత్రము సాగిపోవుట చూచియే, వాయిదా పెంచుకొనుటకో గడువు పెంచుకొనుటకో ఋణగ్రహీతకు స్వేచ్ఛ నీయవలెనని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో శాసించినది.

“మా రాబడికి చిన్న వాయిదాయే శరణ్యము” అనువారున్నారు. వారి మాటలో సత్యము కలదు, దానిని నేను త్రోసివేయను. వానాకాలపు పంటపైనో, యాసంగి వడ్లపైనో ఆధారపడిన కుటుంబమునకు నెలనెలా పెద్దమొత్తము దుర్భరమే. అట్టివారు దీర్ఘమైన గడువునే యెన్నుకొనవచ్చును. కాని ధాన్యము అమ్మిన సొమ్ము చేతికి వచ్చినపుడు అందులో కొంత అసలుకు జమకట్టవలెను. చలవడ్డీ గృహఋణమును ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా విధింపరాదని 2012లోనే ఉత్తర్వు వెలువడినది. నెలజీతము లేని రైతుకు ఇంతటి ఉపకారము చేయు నియమము మరియొకటి కానరాదు. అయినను రేటు గూర్చి గంటలకొలది వాదించువారు దీని నొక్కమాటైన నడుగరు.

ఇక రిజిస్టరు కాని క్రయపత్రమగు సాదాబైనామాపై కొన్న స్థలమును నమ్ముకొని చౌకమిత్తికై తిరుగువారి శ్రమ వ్యర్థము. రిజిస్టరైన హక్కుపత్రము లేనిచోట బ్యాంకు సాధారణముగా తాకట్టు నంగీకరింపదు. తుదకు వారికి ప్రైవేటు ఫైనాన్సువాని వాకిలియే గతియగును. స్థలము కొనునాడే చూచుకొనవలసిన విషయమిది.

కావున తిరుమలగిరి గృహస్థులారా, మీరు రేటొక్కటే విని సంతకము చేయకుడు. రుసుములతో గూడ ఏటికి పడు యథార్థవ్యయమును తెలుపు పత్రమును 2024 అక్టోబరు నుండి బ్యాంకులు మీకు విధిగా నీయవలెను. దాని నడిగి తీసికొని, ఆపై ఎన్ని నెలలు, మొత్తమెంత, రేటు పెరిగిన నాడు పెరుగునది వాయిదాయా గడువా యని నిలదీసి యడుగుడు.