కొట్టు మనది, తాళపుచెవి యెవరిది?

విశాఖపట్టణమున గూగుల్ వారు అయిదేండ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి డేటా కేంద్రము నెలకొల్పుదురని 2025 అక్టోబరులో ప్రకటన వెలువడినది మొదలు, చదువుకొన్నవారు సైతము ఒక్కటే మాట చెప్పుచున్నారు: "ఇక మన సమాచారము మన గడ్డమీదనే యుండును, భయమేల?" ఈ మాట విని మొదట నవ్వితిమి, పిదప దిగులు పడితిమి.

గడ్డ మనదగుట వేఱు, పెత్తనము మనదగుట వేఱు. 2018 మార్చిలో అమెరికాలో చేసిన క్లౌడ్ చట్టము ప్రకారము, ఆ దేశపు కంపెనీల యధీనమందున్న సమాచారము ఏ ఖండమున దాచబడినను, అచటి చట్టము ననుసరించి ఉత్తరువు వచ్చినచో అప్పగింపవలసినదే. అభ్యంతరము చెప్పుకొనుటకు కొంత సందు గలదు గాని, ఆ సందులో నిలువవలసినది కంపెనీ. సమాచారపు సొంతదారు కాడు. వకాలతు ఎదిరి చేతికిచ్చి వ్యాజ్యము గెలువగోరువారిని మేమింతవఱకు చూడలేదు.

ఇది ఊహ యనువారు నయారా కథ వినవలెను. గుజరాతులోని వాడినారునందు చమురుశుద్ధి చేయు ఈ సంస్థలో రష్యా కంపెనీకి వాటా గలదని ఐరోపా సమాఖ్య 2025 జూలైలో ఆంక్షలు విధించెను. ఆంక్షలు మన దేశపు శాసనము కావు. అయినను మైక్రోసాఫ్ట్ వారు ఆ సంస్థ యొక్క ఈమెయిలును, ఉద్యోగులు కలసి పనిచేయు సాధనములను నిలిపివేసిరి. ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిన కొలది దినములకు సేవ మరల వచ్చినది. చమురు కంపెనీకి పెద్ద న్యాయవాదులు దొరకిరి. చేనేత సంఘమునకు దొరకుదురా?

అట్లని స్వదేశీ యను పేరు తగిలించినంతనే పని ముగియదు. 2025 సెప్టెంబరు 26వ తేదీన దక్షిణ కొరియాలోని డేజాన్ ప్రభుత్వ డేటా కేంద్రమున బాటరీలకు నిప్పంటుకొనగా, ఉద్యోగుల పత్రములు దాచిన జి-డ్రైవులోని 858 టెరాబైట్లు మాడిపోయెను. రెండవ ప్రతి వేఱొకచోట లేదు. స్వదేశపు కొట్టే, స్వదేశపు బూడిదయే!

మఱి దూరదేశమున నడచిన దారి యొకటి చూపెదము. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రము వారు 2025లో నలుబదివేలకు పైబడిన ప్రభుత్వ మెయిలు ఖాతాలను మైక్రోసాఫ్ట్ నుండి బహిరంగ మూలము గల సాధనములకు మార్చిరి. పత్రములు పంచుకొనుటకు నెక్స్ట్‌క్లౌడు నెన్నుకొనిరి. చిక్కులు వచ్చెను, ఉద్యోగులు సణిగిరి. పని మాత్రము సాగినది.

మన సంఘములలో నేమి జరుగుచున్నది? మేము సభ్యులమైన ఒక పఠనమందిరమున, కార్యదర్శి తన సొంత పేరిట ఖాతా తెఱచి మినిట్సులన్నియు అందుంచెను. ఆయన విదేశమునకు పోయిన తరువాత మూడు నెలలు తీర్మానముల ప్రతి యొక్కటియు దొరకలేదు. తప్పు ఆయనది కాదు, అడుగని మాది. ఖాతా సంఘము పేరిట నున్నదా? సంకేతపు తాళము సంఘము చేత నున్నదా? మఱొక యూర రెండవ ప్రతి గలదా, దానిని ఎన్నడైన తెఱచి చూచిరా? విడిచిపోవలసివచ్చినపుడు పత్రములు ఏ రూపమున తిరిగి వచ్చును? బేరము వీని తరువాతి మాట.

సేవ నిలుపుటకు కంపెనీకి గల హక్కు ఒప్పందమునందే వ్రాసియుండును. మన కార్యదర్శులు దానిని చదువకయే సమ్మతి మీట నొక్కుచున్నారు. రాబోవు సర్వసభ్య సమావేశమున, జమాఖర్చులకు ముందు, ఆ షరతును బిగ్గఱగా చదివించుకొందురు గాక.