రైలుపెట్టెలో టిఫిన్

దూరం నుంచి చూస్తే పట్టాలు వదిలి రోడ్డు పక్కకొచ్చి ఆగిపోయిన రైలుపెట్టెలా ఉంటుంది. లోపల ఈ చివర నుంచి ఆ చివరదాకా పొడవాటి బల్ల, దాని ముందు గుండ్రటి స్టూళ్లు, ఎదురుగా సెగలు కక్కే పెనం. పొద్దున గుడ్లు, పాన్‌కేకులు, వేయించిన బంగాళాదుంప ముక్కలు. మధ్యాహ్నానికి బర్గర్లు. అలాగని సాయంత్రం వెళ్లి ఆమ్లెట్ అడిగితే ఎవరూ విసుక్కోరు. ఏ వేళకైనా టిఫినే! కప్పు ఖాళీ అయితే చాలు, అడక్కుండానే మళ్లీ కాఫీ పోస్తారు. అమెరికన్ డైనర్ అంటే అదీ.

ఇంతకీ దీని పుట్టుక ఎక్కడో తెలుసా... ఓ పత్రికాఫీసు ముందు. 1872లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో వాల్టర్ స్కాట్ అనే ఆయన గుర్రపుబండిలో తినుబండారాలు, కాఫీ పెట్టుకుని 'ప్రావిడెన్స్ జర్నల్' ఆఫీసు దగ్గర అమ్మేవాడు. రాత్రిపూట పనిచేసేవాళ్లకు ఆ వేళలో తిండి దొరికేది అక్కడే. ఆ బండే పోనుపోను పెద్దదై, ఫ్యాక్టరీలో తయారై, ఊళ్లకు చేరే హోటలైంది. వాటిని తయారుచేసిన కంపెనీలు న్యూజెర్సీలో ఎక్కువ. అందుకే ఆ రాష్ట్రానికి డైనర్ల రాజధాని అని పేరు.

మనవాళ్లు బాగా స్థిరపడిన జెర్సీ సిటీకీ ఇలాంటిదొకటి వచ్చింది. పేరు 'వైట్ మానా'. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో పెట్టిన ఈ బుల్లి డైనర్ 1946లో అక్కడికి చేరింది. పెనమ్మీద ఉల్లిపాయలతో కలిపి కాల్చిన చిన్న చిన్న బర్గర్లు దాని ప్రత్యేకత. బీఫ్ ముట్టనివాళ్ల మాటేమిటంటారా? డైనర్లలో మెనూ కార్డే ఓ పుస్తకమంత ఉంటుంది. గుడ్డు తినేవాళ్లకైతే ఏ ఇబ్బందీ లేదు.

వైట్ మానాను 1997లో చారిత్రక కట్టడంగా గుర్తించారు. బాగానే ఉంది. కానీ గుర్తింపు వల్ల గోడలు నిలుస్తాయి, పెనం ముందు మనిషి నిలబడొద్దూ? న్యూజెర్సీలో చాలా డైనర్లు గ్రీసు నుంచి వలసొచ్చిన కుటుంబాలవి. తెల్లవారకముందే లేచి పొయ్యి వెలిగించే ఆ పని వాళ్ల పిల్లలు చాలామందికి అక్కర్లేదు. మన ఊళ్లలో పాత టిఫిన్ హోటళ్లదీ ఇదే కథ కదూ! పైగా రెండు పూటల వ్యాపారం కన్నా కింద ఉన్న స్థలానికే విలువెక్కువ. 2025 ఫిబ్రవరిలో బర్డ్‌ఫ్లూ వల్ల కోడిగుడ్ల ధర మండిపోయి, 'వాఫిల్ హౌస్' అంతటి గొలుసు సంస్థే గుడ్డుకు 50 సెంట్లు అదనంగా వేసింది. ఇక ఒంటరి హోటలువాడి సంగతి చెప్పాలా?

2020లో కోవిడ్ వచ్చినప్పుడు రాత్రిపూట మూతపడ్డ డైనర్లలో చాలావాటికి ఆ తర్వాత కూడా ఇరవైనాలుగు గంటల బోర్డు తిరిగి ఎక్కలేదు. ఆస్పత్రిలో డ్యూటీ దిగి తెల్లవారుజామున మూడింటికి బయటపడే నర్సు ఇప్పుడు పెట్రోలు బంకు దగ్గర పేపరు కప్పులో కాఫీ పట్టుకుని కార్లోనే తాగాల్సి వస్తోంది.