వాసన పోతే గ్యాస్ పోయినట్టు కాదు

జురాంగ్ ఐలాండ్‌లో ట్యాంకులు కడిగేవాళ్ళకి యూనివర్సిటీ సర్టిఫికెట్ కోర్సులో కెమిస్ట్రీ ఎందుకని రూమ్‌లో అందరూ నవ్వారు. ఎందుకో చెప్తాం.

హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటే కుళ్ళిన గుడ్ల కంపు. 100 పీపీఎం దాటితే ముక్కే మొద్దుబారుతుంది. వాసన ఆగింది కదా అని దిగితే ప్రాణమే పోతుంది. దాని అణుభారం 34, గాలిది సగటున 29. అందుకే అడుగున పేరుకుంటుంది. మీటింగ్‌లో "మీటర్ పెట్టి చూడు" అంటారు, కారణం చెప్పరు.

స్కిల్స్‌ఫ్యూచర్ క్రెడిట్ ఇక్కడి పౌరులకే, వర్క్ పర్మిట్ వాళ్ళకి రాదు. సర్టిఫికెట్ చూసి జీతం పెంచుతారని కూడా మేం చెప్పం. అయినా చదవాల్సిందే అంటాం. మన 'స్వయం' పోర్టల్‌లో పాఠాలు ఉచితం, పరీక్షకే ఫీజు. ఆదివారం రెండు గంటలు చాలు. అలిసిపోయినప్పుడు రూలు మర్చిపోతాం. కారణం తెలిస్తే మర్చిపోం.