రాముడి వేషం తీసిన తరువాత

భద్రాచలానికి ఎగువన, దుమ్ముగూడెం వైపు అడవి అంచున వున్న ఒక ఊరి నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. ఉత్తరం పొడుగైనా ప్రశ్న చిన్నదే. వారి అత్తగారికి డెబ్బై యేళ్ళు దాటాయి. దూరదర్శన్ రామాయణంలో రాముడు వేసిన అరుణ్ గోవిల్ అంటే ఆవిడకు ప్రాణం. ఆయన బొమ్మ దేవుడి గూట్లో పటాల సరసన చేరి కూడా చాలా కాలమైంది. ఈ మధ్య మనవడు ఫోనులో ఏదో పాత హిందీ చిత్రం పెట్టి, "నాయనమ్మా, నీ రాముడు చూడు!" అన్నాడట. చూడబోతే రాముడు చొక్కా, పంట్లాం తొడుక్కుని ఒక అమ్మాయి పక్కన పాట పాడుతున్నాడు. "ఆపరా, కళ్ళు పోతాయి" అని ఆవిడ ముఖం తిప్పుకున్నదట.

కథ అక్కడితో ఆగలేదు. ఆ మనవడే శ్రీరామనవమి పందిట్లో రెండేళ్ళు వరసగా రాముడి వేషం కట్టాడు. ఈ యేడు తనకు రావణుడి వేషం కావాలన్నాడు. నాయనమ్మ రెండు పూటలు అన్నం మానేసింది. "వీళ్ళిద్దరిలో నేను ఎవరికి నచ్చజెప్పను?" అని కోడలిగారి ప్రశ్న.

నవ్వేసి వూరుకోదగిన ప్రశ్న కాదిది. ఒక నటుణ్ణి మనం ఎంతవరకు ప్రేమించవచ్చు, ఆ ప్రేమ అతనికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అనే పెద్ద సంగతి ఇందులో వున్నది.

ముందు పెద్దావిడ పక్షాన నాలుగు మాటలు చెప్పుకుందాం. రామానంద సాగర్ తీసిన రామాయణం 1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31 దాకా, 78 భాగాలుగా, ఆదివారం ఉదయం పూట వచ్చింది. ఆ గంటలో వీధులు బోసిపోయేవి. టెలివిజన్ వున్న యింటికి వాడంతా తరలి వచ్చేది. పెట్టెకు పూలదండ వేసి అగరువత్తులు వెలిగించిన యిళ్ళు దేశమంతటా వున్నాయి. అందులో మాటలన్నీ హిందీ. మన పల్లెల్లో ఎంతమందికి అవి అర్థమయ్యేవి? కథ మాత్రం అందరికీ తెలుసు. హరికథల్లో విన్నదే, బుర్రకథల్లో విన్నదే. అందువల్ల మనవాళ్ళు చెవులు పక్కన పెట్టి కళ్ళతో చూశారు. మాట తెలియని చోట ముఖమే మాట అయింది. ఆ నెమ్మదైన చూపు, పెదవి దాటని ఆ చిరునవ్వు మనసులో అచ్చు పడిపోయాయి. తెలుగు యింట్లో ఆ ముఖానికి అంత బలం రావడానికి ఇదొక కారణమని నాకు తోస్తుంది.

మళ్ళీ 2020లో, కరోనా వల్ల దేశమంతా తలుపులు మూసుకుని కూర్చున్నప్పుడు, మార్చి 28 నుంచి దూరదర్శన్ ఆ రామాయణాన్నే తిరిగి ప్రసారం చేసింది. ఏప్రిల్ 16 నాటి ప్రసారాన్ని 7 కోట్ల 70 లక్షల మంది చూశారని ప్రకటించింది. ఆ యేడు శ్రీరామనవమి ఏప్రిల్ 2న వచ్చింది. ఏటా లక్షల కళ్ళ ఎదుట మిథిలా ప్రాంగణంలో జరిగే సీతారాముల కల్యాణం, ఆ యేడు భక్తులు లేకుండా భద్రాచలం గుడిలోపలే జరిగింది. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినవారు సైతం యింట్లో టెలివిజన్ ముందు కూర్చుని తలంబ్రాలు చూడవలసి వచ్చింది. కల్యాణ రాముడు ఆ పెట్టెలోనే, సీరియల్ రాముడు కూడా ఆ పెట్టెలోనే. డెబ్బై యేళ్ళ ఆవిడకు ఆ యిద్దరూ ఒకటైపోతే తప్పు పట్టగలమా?

ఇక నటుడి వైపు నుంచి చూడండి. రామాయణం తరువాతి రోజుల్లో, ఒక షూటింగ్ విరామంలో తాను సిగరెట్టు కాలుస్తూ వుంటే ఎవరో వచ్చి, దేవుడనుకునే మనిషి చేసే పనేనా యిది అని మందలించారనీ, అప్పటి నుంచి పొగ మానేశాననీ అరుణ్ గోవిల్ స్వయంగా చెప్పుకున్నారు. పొగ మానితే మంచిదే. కాని ఆ అభిమానమే ఆయన పనికి కూడా అడ్డు పడింది. మీ ముఖం చూస్తే జనానికి రాముడే కనిపిస్తాడు, మరొక పాత్ర ఎట్లా యిచ్చేది అని చిత్రాలు తీసేవారు వెనుదీయడం మొదలుపెట్టారని కూడా ఆయనే చెప్పారు. దండం పెట్టిన చేతులే అన్నం కంచాన్ని పక్కకు జరిపాయన్న మాట. మనకు అది భక్తి. నటుడికి నెల గడవడం.

పైగా ఆయన రాముడిగా పుట్టలేదు. మీరట్ నుంచి బొంబాయి చేరిన కుర్రవాడు. 1977లో రాజశ్రీ వారి 'పహేలీ'తో చిత్రాల్లోకి వచ్చారు. 1979లో వచ్చిన 'సావన్ కో ఆనే దో' ఆయనకు పేరు తెచ్చింది. పల్లెటూరి పేద గాయకుడు పట్నం వెళ్ళి పెద్దవాడయ్యే కథ. నేపథ్యంలో ఏసుదాసు గొంతు. కథానాయిక జరీనా వహాబ్ మన విశాఖపట్నం పిల్ల! తరువాత సాగర్ గారే తీసిన 'విక్రమ్ ఔర్ బేతాళ్'లో విక్రమార్కుడు వేశారు. 'చందమామ' చదివి పెరిగినవారికి ఆ కథలు కొత్తవి కావు. భుజాన శవం, చేత కత్తి, ప్రతి కథ చివరా ఒక చిక్కు ప్రశ్న. ఈ రెండూ చూసి రామాయణానికి వస్తే, ఆ నెమ్మది అంతా నటుడు కష్టపడి సాధించుకున్నదని తెలుస్తుంది. రాముడి వేషానికి పరీక్ష చేసినప్పుడు మొదట తనను వద్దన్నారనీ, తరువాత ఆ చిరునవ్వు తోడయితేనే ఒప్పుకున్నారనీ ఆయన చెప్పిన సంగతి అప్పుడు బాగా అర్థమవుతుంది.

రామాయణం తరువాత కూడా ఆయన వూరికే కూర్చోలేదు. మన దాసరి నారాయణరావు గారు హిందీలో తీసిన 'విశ్వామిత్ర' సీరియల్లో హరిశ్చంద్రుడు వేశారు. 1997లో మన వి. మధుసూదనరావు గారు తీసిన హిందీ 'లవ్ కుశ్'లో ఆయన లక్ష్మణుడు. రాముడు జితేంద్ర, సీత మన జయప్రద. దేశమంతా రాముడని మొక్కిన మనిషి మరొక రాముడి పక్కన తమ్ముడిగా నిలబడి, సీతమ్మను అడవిలో దిగవిడిచి వచ్చే పాత్ర వేయడమంటే చిన్న విషయమా? 2023లో వచ్చిన 'ఓ ఎం జీ 2'లో కథానాయకుడికి ఎదురు నిలిచే బడి పెద్ద. 2024లో 'ఆర్టికల్ 370'లో ప్రధానమంత్రి పాత్ర. ఆ యేడే మీరట్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. నితేశ్ తివారీ రామాయణ చిత్రంలో దశరథుడి పాత్రకు ఆయన పేరు వెలువడింది. కొడుకు వేషం నుంచి తండ్రి వేషానికి! వయసును దాచుకోని నటుడికే అది సాధ్యం.

మన చిత్రాల్లో మాత్రం ఈ చిక్కును ప్రేక్షకులు ఎంతో హుందాగా దాటారు. 1961లో 'సీతారామ కల్యాణం' తీసినప్పుడు ఎన్.టి. రామారావు గారు రాముడి వేషం హరనాథ్‌కు యిచ్చి, తాను రావణుడు వేశారు. రెండేళ్ళకు, 1963లో, 'లవకుశ'లో ఆయనే రాముడు. ఆ నడుమ 1962లో 'గుండమ్మ కథ'లో నిక్కరు వేసుకుని పిండి రుబ్బారు. ఎవరైనా కళ్ళు పోతాయన్నారా? నాగయ్య గారి సంగతి చూడండి. పోతన, త్యాగయ్య, వేమన అన్నీ ఆయనే. 1964లో భద్రాచల రామదాసు కథను స్వయంగా తీసి, తానే రామదాసుగా నటించారు. అటువంటి నాగయ్య గారే 1945లో 'స్వర్గసీమ'లో భార్యాబిడ్డలను వదిలి నాటకాల పిల్ల వెంట పడే మొగుడి వేషం వేశారు. ఆ బలహీనుణ్ణి అంత నిజంగా చూపగలిగినవాడు కనుకనే, ఆయన వేసిన భక్తుల కన్నీళ్ళూ నిజమనిపించాయి.

మరి టెలివిజన్ నటుడికి ఆ వెసులుబాటు ఎందుకు దక్కలేదు? సినిమా నటుణ్ణి ఊరు దాటి వెళ్ళి, టిక్కెట్టు కొని, ఏడాదికి నాలుగు వేషాల్లో చూసేవాళ్ళం. టెలివిజన్ నటుడు వారం వారం, ఒకే వేషంలో, మన యింటికే వస్తాడు. అన్నం తింటూ చూస్తాం. అందుకని ఆ వేషంతో మనకు చుట్టరికం కలుస్తుంది. దేవుడి వేషాలకే కాదు, నవ్వించే వేషాలకూ యిదే గతి. 2001 నుంచి 2007 దాకా వచ్చిన 'అమృతం' సీరియల్లో అంజి వేసిన గుండు హనుమంతరావు గారిని తలుచుకోండి. 1987లోనే 'అహ నా పెళ్ళంట'లో కనిపించిన రంగస్థల నటుడు ఆయన. 2018లో కాలం చేశారు. ఈనాటికీ చాలామందికి ఆయన అసలు పేరు అంజి పేరు తరువాతే గుర్తుకు వస్తుంది.

ఇప్పుడు నాయనమ్మగారితో ఒక మాట. అమ్మా, మీ ఊరికి పర్ణశాల దగ్గరే గదా. బంగారు లేడి వేషంలో మారీచుడు, సన్యాసి వేషంలో రావణుడు వచ్చారని చెప్పుకునే నేల అది. వేషమూ మనిషీ ఒకటేనని నమ్మితే ఏమవుతుందో ఆ కథ విన్నవారికి వేరే చెప్పాలా? ఇక భద్రగిరి మీది స్వామిని చూడండి. అందరి రాముడికీ రెండు చేతులు. అక్కడ వైకుంఠ రాముడు శంఖచక్రాలతో నాలుగు చేతులతో, సీతమ్మను ఎడమ తొడపై కూర్చోబెట్టుకుని వున్నాడు. సాక్షాత్తు స్వామే ఒక్క రూపంలో ఇమడలేదు. మనిషిని, అందులోనూ నటుణ్ణి, ఒక్క రూపంలో వుండమనడం న్యాయమా? బొమ్మ గూట్లోనే వుండనివ్వండి. దండం రాముడికి పెట్టండి. నటుడికి మాత్రం మరొక వేషం వేసుకునే సెలవివ్వండి.

మనవడి సంగతికి వస్తే, ఆ రామాయణంలో రావణుడు వేసిన అరవింద్ త్రివేది గుజరాతీ చిత్రాల్లో ఎంతో పేరున్న నటుడు. స్వయానా రామభక్తుడు. 2021లో కన్నుమూస్తే, సీతాపహరణం చేసినవాడు పోయాడని ఎవరూ సంతోషించలేదు. దేశమంతా విచారించింది. రావణుడు గట్టిగా నిలబడితేనే రాముడి గెలుపు పండుతుంది. కనుక, సోదరీ, కుర్రవాడికి రావణుడి వేషం కట్టించండి. మూడో యేడు కూడా రాముడే అయితే, వాడికి నటన అబ్బుతుందో లేదో గాని, ఆ బాణం పట్టుకునే అలవాటు మాత్రం అబ్బుతుంది!

అభిమాన నటుడి తక్కిన పని చూడాలనుకునే వారికి రెండు సూచనలు. పేరు తెచ్చిన వేషానికి ముందుది ఒకటి, తరువాతిది ఒకటి ఎంచుకుని, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడండి. రాముడు ఎక్కడ కనిపిస్తాడా అని వెదకకండి. ఎక్కడ కనిపించలేదో గమనించండి. నడక మారిందా, మాట విరుపు మారిందా, ఆ చిరునవ్వును ఎక్కడ దాచుకున్నారు? అది పట్టుకోగలిగితే, నటుడు పడ్డ శ్రమ మీ చేతికి చిక్కినట్టే. చిన్న పాత్ర అయినా చివరిదాకా చూడండి. పెద్ద పేరు వచ్చిన తరువాత చిన్న పాత్రకు ఒప్పుకోవడానికి కొన్నిసార్లు అవసరం కారణం, కొన్నిసార్లు పని మీద మమకారం కారణం. రెండూ గౌరవించదగినవే.

రాముడికి మన మొక్కులు వున్నా లేకపోయినా లోటు లేదు. నటుడికి మాత్రం చూసే కళ్ళే కూడూ గుడ్డా. ఆ కళ్ళు ఒక్క వేషం దగ్గరే ఆగిపోకుండా చూసుకోవడం అభిమానులు ఆయనకు తీర్చవలసిన బాకీ.